అదే కోటు రెండో ఏడాది

బట్టల గురించి రాసే సొంత బ్లాగు ఏదైనా కొత్తగా కంటబడితే నేను తాజా పోస్టు దగ్గర ఆగను. నేరుగా పాత నెలల్లోకి వెళ్లిపోతాను. ఇవాళ వేసుకున్న కోటు పోయినేడాది చలికాలంలో కూడా ఉందా, మొన్నటి గళ్ల స్కర్టు ఇంకెక్కడైనా కనిపించిందా అని వెతుకుతాను. కనిపించిందంటే ఆ మనిషి రాసేది నమ్మొచ్చని నా లెక్క. ఇక తీరిగ్గా కూర్చుని చూస్తాను. మోచేతుల దగ్గర బట్ట నునుపెక్కిందా, జేబులు సాగాయా, అంచు పైకి కుట్టించుకున్నారా, గుండీలు మార్చారా. కొత్తలో బెల్టుతో బిగించి వేసుకున్నదాన్ని ఇప్పుడు వదులుగా వదిలేస్తున్నారా. ఒక మనిషికీ ఒక బట్టకీ స్నేహం కుదరడం కళ్లముందే తెలుస్తూ ఉంటుంది.

ఫోరంలో, అంటే నలుగురూ చేరి ప్రశ్నలూ జవాబులూ రాసుకునే సైట్లలో, నా పద్ధతి వేరు. బూట్ల గురించో జీన్స్ గురించో ఒక థ్రెడ్, అంటే ఒకే విషయం మీద సాగే చర్చ, తెరిచానంటే ముందు చివరి పేజీలు చదువుతాను. మొదటి పేజీల నిండా కొన్నవాళ్ల సంబరమే ఉంటుంది. ఎప్పుడో కొన్న ఒకాయన చాలాకాలానికి తిరిగొచ్చి, మడమ దగ్గర కుట్టు వదిలిందనీ సోలు మాత్రం గట్టిగా ఉందనీ ఫోటోతో సహా రాస్తాడు చూడండి, నాక్కావాల్సింది అది.

ఈ రెండిట్లో ఏది మేలు అన్న వాదన చాలాసార్లు విన్నాను. నేను చాలాకాలంగా రెండూ చదువుతున్నాను, రెండిటి దగ్గరా నేర్చుకున్నాను. బట్ట మంచిచెడ్డలు అద్దం ముందు తేలవు, వాడకంలో తేలతాయి. ఆ వాడకాన్ని బయటి మనిషికి చూపించగలిగినవి ఇంటర్నెట్‌లో నాకు తెలిసి ఇవి రెండే. బ్లాగులో ఒకే మనిషి, బోలెడు బట్టలు, ఏళ్ల తరబడి. ఫోరంలో ఒకే బట్ట, బోలెడుమంది మనుషులు, అదీ ఏళ్ల తరబడి. అమ్మేవాళ్ల పేజీలో ఈ ఏళ్లు ఉండవు.

ముందు బ్లాగుల సంగతి. పత్రికలో ఫ్యాషన్ పేజీలకి ఫోటోలు తీశాక బట్టలు కంపెనీకి తిరిగి వెళ్లిపోతాయి. మోడల్ వాటిని మళ్లీ చూడదు. బ్లాగులో బట్టలు ఆ మనిషి బీరువాలోకే తిరిగి వెళ్తాయి. అంత చిన్న తేడాతో ఎంత మారిపోయిందో! మనీలా నుంచి బ్రయాన్‌బాయ్ అనే పేరుతో రాసే కుర్రాడు 2004లో తన బ్లాగు మొదలుపెట్టాడు. లండన్ నుంచి సూసీ లౌ 2006లో 'స్టైల్ బబుల్' మొదలుపెట్టింది. పొంతన కుదరవనిపించే రంగులనీ ప్రింట్లనీ పొరలు పొరలుగా వేసుకోవడం ఆమె తీరు. 2008లో టావి గెవిన్సన్ 'స్టైల్ రూకీ' మొదలుపెట్టేనాటికి ఆ పిల్లకి 11 ఏళ్లు. చికాగో పక్కన ఓక్ పార్క్‌లో ఉండేది, ఇంటి పెరట్లో నిలబడి ఫోటోలు తీసుకునేది. జపాన్ డిజైనర్ రేయి కవకుబో అంటే ప్రాణం. ఒంటి ఆకారాన్ని దాచేసే, కొన్నిసార్లు వేరే ఆకారంలోకి మార్చేసే ఆ బట్టలు ఒక బడిపిల్లకి ఎందుకు నచ్చాయో ఆ పిల్ల మాటల్లోనే చదువుతుంటే, అందంగా కనబడటం కాకుండా బట్టలతో ఇంకా చాలా చేయొచ్చని నాకు మొదటిసారి గట్టిగా అనిపించింది. వీళ్లెవరూ ఎవరి అనుమతీ అడగలేదు. నాకు ఇది నచ్చింది అన్నారు, అంతే, అదే కారణం.

స్కాట్ షూమన్ 2005లో మొదలుపెట్టిన 'ది సార్టోరియలిస్ట్'ని కూడా చాలామంది ఈ కోవలోనే లెక్కేస్తారు. నేను లెక్కేయను. అవి వీధిలో ఎదురైనవాళ్ల ఫోటోలు. చూడ్డానికి ఎంతో బాగుంటాయి, కానీ ఆ మనిషి మళ్లీ కనబడడు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన బ్లాగు పెద్ద పేరున్నది కాదు. నాలాగే పొట్టిగా ఉండే ఒకావిడ రాసేది. ఎప్పుడో ఆపేసి తన పనిలో తాను పడిపోయింది కాబట్టి పేరు చెప్పను. ఆవిడ దగ్గర ముదురాకుపచ్చ రంగు పొడవాటి స్కర్టు ఒకటి ఉండేది, నడుము దగ్గర ముందువైపు చదునుగా, వెనక ఎలాస్టిక్‌తో. చొక్కా లోపలికి దోపి వేసుకున్నప్పుడు ఒకలా ఉండేది, పొట్టి స్వెటర్‌తో ఇంకోలా ఉండేది, పొడవాటి చొక్కా పైన వదిలేస్తే మాత్రం ఆవిడ ఇంకా పొట్టిగా కనిపించేది. అది కూడా దాచకుండా పెట్టేది. "ఇవాళ బాగా లేదు, ఎందుకో చూద్దాం" అని నడుము ఎక్కడ మొదలవుతున్నట్టు కనబడుతోందో గీత గీసి మరీ చూపించేది. ఇంకోసారి, ఆ స్కర్టు నిలబడితే హాయిగా ఉంటుందనీ, గంటసేపు కూర్చుంటే వెనక ఎలాస్టిక్ ఒత్తుకుంటోందనీ రాసింది. నాలుగో చలికాలానికి ఎలాస్టిక్ తీయించి పక్కన జిప్పు పెట్టించుకుంది. ఆ పోస్టు చదివినప్పుడు ఎంత సంతోషం వేసిందో. నా పొట్టి ఒంటి మీద నడుము గీత ఎక్కడుండాలో నాకు తెలిసింది ఆ స్కర్టు వల్లే. ఏ సూత్రాల పట్టికా ఈ పని చేయలేదు.

బ్లాగు బలమంతా ఇక్కడే ఉంది. మొహం కనబడుతుంది. ఆవిడ ఎలా నిలబడుతుందో, ఏ రంగు వేసుకున్న రోజు హుషారుగా ఉంటుందో, ఏది వేసుకున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతుందో ఫోటోలోనే తెలిసిపోతుంది.

ఫోరంలో మొహాలుండవు. మగవాళ్ల బట్టల ఫోరాల్లో ఇవాళ ఏం వేసుకున్నారు అనే థ్రెడ్లు ఏళ్ల తరబడి సాగుతుంటాయి. అక్కడ చాలా ఫోటోల్లో మెడ పైభాగం కత్తిరించేసి ఉంటుంది, లేదా మసకగా ఉంటుంది. మొదట్లో నాకు అది వింతగా ఉండేది. తర్వాత అందులో ఉన్న ఉపయోగం తెలిసింది. మొహం లేనప్పుడు చూపు నేరుగా భుజం మీదికి పోతుంది, కాలరు మీదికి పోతుంది, ప్యాంటు అంచు బూటు మీద ఎంత మడత పడిందో అక్కడికి పోతుంది.

నేను ఆడమనిషినై ఉండి మగవాళ్ల ఫోరాలు ఎందుకు చదివానంటే జాకెట్ల కోసం. కుట్టించుకునే కోటు, జాకెట్ ఎలా కుదరాలో అంత విడమర్చి చెప్పుకున్న చోటు నాకు ఇంకోటి దొరకలేదు. 2002 నుంచి ఉన్న స్టైల్‌ఫోరంలో ఒక్క కాలరు మీదే అంతులేని చర్చలున్నాయి. జాకెట్ కాలరు వెనకవైపు మెడకి, లోపలి చొక్కా కాలరుకి ఆనుకుని ఉండాలి. ఖాళీ కనబడుతోందంటే మీరు నిలబడే తీరుకీ ఆ జాకెట్ కత్తిరింపుకీ పొత్తు కుదరలేదని అర్థం. దాన్ని ఫోటోలో చూపించాలంటే పక్కనుంచి తీయాలి, ఎదురుగా తీస్తే తెలియదు. చేతి దగ్గర మెలితిరిగినట్టు ముడతలు పడుతున్నాయంటే, మీ చేయి సహజంగా వేలాడే కోణం వేరు, జాకెట్‌కి దాని చేతిని కుట్టిన కోణం వేరు. ఇలా ఒక్కో ముడతకీ ఒక్కో కారణం ఉంటుందని ముక్కూమొహం తెలియని మనుషులు ఓపిగ్గా చెప్పుకుంటూ పోయారు.

నా కుడిభుజం ఎడమదాని కంటే కిందికి ఉంటుంది. ఏ జాకెట్ వేసుకున్నా కుడి చంక కింద ఏటవాలుగా ముడతలు పడేవి. నా ఒళ్లే సరిగా లేదనుకుంటూ పెరిగాను. ఒక థ్రెడ్‌లో అచ్చం అదే ముడత ఉన్న ఫోటో ఒకటి చూశాను. కింద జవాబుల్లో ఒకాయన, కిందికి ఉన్న భుజం వైపు లోపల పలచటి ప్యాడ్ ఇంకోటి పెట్టించమన్నాడు. ఇంకొకాయన, ప్యాడ్ వద్దు, ఆ వైపు భుజం కుట్టు విప్పి కాస్త దించి కుట్టించమన్నాడు. మూడో ఆయన ఇద్దరినీ ఆపి, ముందు నువ్వు మామూలుగా నిలబడి వెనక నుంచి ఒక ఫోటో పెట్టు, భుజం నిజంగా కిందికి ఉందా లేక బ్యాగు మోసే అలవాటు వల్ల వాలి నిలబడుతున్నావా చూద్దాం అన్నాడు. ఒక్కరైతే తన దగ్గరున్న మందే ఇస్తారు. అక్కడ ముగ్గురు ఉండబట్టి రోగం ఏమిటో కూడా చూశారు. నేను ప్యాడ్ పెట్టించుకున్నాను. ముడతలు పోయాయి. అప్పటి నుంచి టైలర్ దగ్గర నా కొలతలు ఇచ్చేటప్పుడు ఈ భుజం సంగతి ముందే చెబుతాను, సిగ్గుపడను.

ఇంకా ఎన్నో. సైజు నంబరుని నమ్మకుండా బట్టని బల్ల మీద పరిచి, చంక నుంచి చంకకి కొలవడం అక్కడే నేర్చుకున్నాను. అదే నంబరు ఒక కంపెనీ చొక్కాలో ఒకలా, ఇంకో కంపెనీ చొక్కాలో ఇంకోలా ఉంటుంది, టేపుకి మాత్రం అబద్ధం చెప్పడం రాదు. జాకెట్ కింది గుండీ కాజా దగ్గర పైబట్టనీ లోపలిబట్టనీ చెరో చేత్తో పట్టి మెల్లగా విడదీస్తే, మధ్యలో మూడో పొర ఒకటి వదులుగా వేళ్లకి తగులుతుంది. తగిలితే లోపల కాన్వాస్ కుట్టి ఉందని అర్థం. తగలకపోతే లోపలి పొరని వేడితో పైబట్టకి అతికించారని అర్థం. అతికించినవన్నీ చెడ్డవేం కావు. కానీ ఆ జిగురు వదిలితే ఛాతీ దగ్గర బుడగల్లా లేస్తుంది, ఇక దాన్ని బాగుచేయడం కష్టం. దుకాణంలో నిలబడి ఎవరినీ అడక్కుండా చేసుకోగల పరీక్ష ఇది.

సూపర్‌ఫ్యూచర్ ఫోరంలో జీన్స్ గురించి రాసుకున్నవి చదివితే అదొక చదువు. నీలిరంగులో నూలుని మళ్లీ మళ్లీ ముంచి గాలికి ఆరనిచ్చినప్పుడు రంగు పైపైనే పట్టుకుంటుంది, నూలు నడిమధ్య తెల్లగానే ఉండిపోతుంది. అందుకే రాపిడి ఉన్నచోటల్లా తెలుపు బయటపడుతుంది. మోకాళ్ల వెనక, తొడల మీద, పర్సు పెట్టుకునే జేబు మీద. బట్టని మిల్లులోనే ముందుగా కుంచించేసే పద్ధతికి శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికన్ 1930ల మొదట్లో పేటెంట్ పొందాడు. ఆ పద్ధతిలో పోనివ్వని డెనిమ్, అంటే జీన్స్ బట్ట, మొదటి తడుపులోనే 10 శాతం దాకా కుంచించుకుపోవచ్చు. ఇవన్నీ ఎక్కడో పుస్తకాల్లో కూడా ఉంటాయి. అయితే అదే జత జీన్స్ వేర్వేరు ఉద్యోగాలు చేసే వేర్వేరు మనుషుల ఒంటి మీద నెలలు గడిచేకొద్దీ ఎలా వెలిసిందో పక్కపక్కన చూపించింది ఫోరమే. సైకిలు తొక్కేవాడి జీన్స్ ఒకలా వెలిసింది, రోజంతా కుర్చీలో కూర్చునేవాడిది ఇంకోలా.

అక్కడ ఇంకోటి గమనించాను. ఆ మగవాళ్లలో చాలామందికి నాకీ చొక్కా నచ్చింది అని ఊరికే అనడం కష్టం. కుట్టు ఎంత దగ్గరగా ఉంది, తోలు ఏది, సోలు కుట్టారా అతికించారా అని మాట్లాడుకుంటూ, ఆ మాటల చాటున ఇష్టాన్ని చెప్పుకుంటారు. నాకు అది చాలా ముద్దుగా అనిపిస్తుంది. ఆడవాళ్ల బ్లాగుల్లో ఆ ఇష్టం బాహాటంగా ఉంటుంది, కుట్టు గురించే ఎవరూ పెద్దగా మాట్లాడరు. రెండు చోట్లా తిరిగిన నాకు, ఇక్కడి మాట అక్కడా అక్కడి మాట ఇక్కడా వినిపిస్తే ఎంత బాగుండు అనిపించేది. డెరెక్ గై అలా చేశారు. స్టైల్‌ఫోరంలో రాసిన ఆయనే 'డై, వర్క్‌వేర్!' అనే సొంత బ్లాగు నడిపారు. భుజం ఎలా కుదరాలో చెబుతూనే, ఆ బట్ట ఎవరు ఎప్పుడు ఎందుకు వేసుకునేవారో చెబుతారు, తనకి ఎందుకు ఇష్టమో కూడా చెబుతారు.

ఫోరంతో నాకున్న పేచీ అభిరుచి దగ్గరే. ఏం కొనాలి అని అడిగితే ఎవరూ కాదనలేని జవాబే పైకి తేలుతుంది. నీలం జాకెట్, బూడిదరంగు ప్యాంటు, గోధుమరంగు బూట్లు, తెల్ల కాన్వాస్ షూ. రెడ్డిట్‌లాంటి చోట నచ్చిన జవాబుని పైకి తెచ్చే చదువరుల ఓట్లు కూడా ఉన్నాయి కాబట్టి ఇది ఇంకా ఎక్కువ. పాత ఫోరాల్లో జవాబులు వచ్చిన వరసలోనే ఉండేవి. ఎవరో ఒక తిక్క మనిషి పసుపు కార్డ్యురాయ్ ప్యాంటు గురించి రాసిన పేరా తన చోట తాను నిక్షేపంగా ఉండేది, చదివేవాళ్లకి తగిలేది. ఓట్లు వచ్చాక ఆ పేరా అడుక్కి పోయింది. తప్పు లేకుండా డ్రెస్ చేసుకోవడం ఫోరం బ్రహ్మాండంగా నేర్పుతుంది. ఆ తర్వాత నీకేం కావాలి అన్న ప్రశ్నకి నలుగురి ఓటు పనికిరాదు. అందుకే అభిరుచి విషయంలో నేను బ్లాగు పక్షం.

ఆ బ్లాగులు ఎలా మారిపోయాయో కూడా చెప్పాలి. 2009 సెప్టెంబరులో మిలాన్‌లో డోల్చే అండ్ గబ్బానా షోలో స్కాట్ షూమన్, గరాన్స్ డోరే, టామీ టాన్, బ్రయాన్‌బాయ్ అనే నలుగురు బ్లాగర్లను ముందు వరసలో ల్యాప్‌టాప్‌లతో సహా కూర్చోబెట్టారు. అదే ఏడాది అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, కంపెనీల నుంచి డబ్బో వస్తువులో తీసుకుని రాస్తే ఆ సంగతి చెప్పాలని బ్లాగర్లకి కూడా వర్తించేలా మార్గదర్శకాలు సవరించింది. 2011లో రివార్డ్‌స్టైల్ వచ్చింది. పాఠకులు లింకు నొక్కి కొంటే రాసినవాళ్లకి కమిషన్ ముడుతుంది. రాసేవాళ్లకి డబ్బు రావడం నాకు ఏమాత్రం తప్పుగా అనిపించదు, వాళ్లు పడేది కష్టమే. బాధ ఎక్కడంటే, లింకు పెట్టాలంటే ఆ బట్ట ఇంకా దుకాణంలో ఉండాలి. మూడేళ్ల కిందటి స్కర్టుకి లింకు ఉండదు. మళ్లీ వేసుకున్న కోటు ఒక్క పైసా తేదు. దాంతో పోస్టు పోస్టుకీ కొత్త బట్టలే రావడం మొదలైంది. ఎవరూ కుట్ర చేయలేదు, లెక్కే అలా ఉంది. నేను ఏ సంగతి కోసం బ్లాగులు చదివానో అదే ముందుగా పోయింది.

అదే 2009 మేలో న్యూయార్క్‌లో షీనా మథైకెన్ 'ది యూనిఫామ్ ప్రాజెక్ట్' మొదలుపెట్టింది. ఏడాది పొడవునా, 365 రోజులూ ఒకే నల్ల గౌను. ఉతుక్కోవడానికి వీలుగా అచ్చంగా అలాంటివే ఏడు కుట్టించారు. ముందువైపు వెనక్కి తిప్పి వేసుకోవచ్చు, గుండీలు విప్పితే పైకోటులా కూడా వేసుకోవచ్చు. మన దేశంలో పేదపిల్లల చదువు కోసం పనిచేసే ఆకాంక్ష ఫౌండేషన్‌కి దీంతో విరాళాలు సేకరించింది. రోజూ ఏముంటుందిలే అనుకుంటాం గానీ, గౌను మారదని తెలిశాక చూపు మిగతా అన్నిటి మీదికీ పోతుంది. కాలరు, మేజోళ్లు, బెల్టు, జుట్టు. నా దృష్టిలో బట్టల బ్లాగు చేయగలిగిన పనుల్లో అది అన్నిటికంటే గొప్పది.

ఇన్‌స్టాగ్రామ్ 2010లో వచ్చింది, నచ్చిన బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ 2013 జులైలో మూతబడింది. బ్లాగులు వరసగా చదివే అలవాటు చాలామందికి అక్కడితో తెగింది. ఫోరాలకి ఇంకో దెబ్బ 2017లో తగిలింది. ఫోటోబకెట్ తన దగ్గర దాచిన ఫోటోలు వేరే సైట్లలో ఉచితంగా కనబడకుండా షరతులు మార్చింది. చాలా థ్రెడ్లలో మాటలు మిగిలాయి, ఫోటోలు పోయాయి. "చూడండి, ఇక్కడ ఈ ముడత" అని రాసి ఉంటుంది, ముడత ఉండదు. బ్లాగు అయితే రాసిన మనిషి విసిగి తీసేస్తే మొత్తం పోతుంది. ఫోరంలో మనిషి వెళ్లిపోయినా ఆయన చెప్పిన జవాబు ఉంటుంది, ఎప్పుడో ఇంకొకరికి పనికొస్తుంది. నా భుజానికి మందు చెప్పినవాళ్లు నేను చదివేనాటికి అక్కడ రాయడం మానేసి చాలాకాలమైంది.

ఇప్పుడు ఈ బ్లాగులో నేను చేయాలనుకున్నది చెబుతాను. ఇక్కడ కొత్తగా కొన్నవాటి గురించి రాయను. కనీసం ఒక ఏడాది వాడినదాని గురించే రాస్తాను. ఎప్పుడు కొన్నాను, ఎలా ఉతికాను, ఏ కుట్టు ముందు వదిలింది, ఏం ఆల్టరేషన్ చేయించాను, చంక కొలత, భుజం కొలత, పొడవు, అన్నీ రాస్తాను. ఫోటోలు ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. మొహంతోనే. ఫోటోల కాపీలు నా దగ్గర వేరేగా దాచుకుంటాను.

వచ్చే పోస్టు నా నల్ల ఉన్ని జాకెట్ గురించి. లోపలి లైనింగ్ చంకల దగ్గర చిరిగిపోయింది, ఈ వారం మార్పిస్తున్నాను. పలచటి పట్టు లాంటిది వేయించాలా, కాస్త మందంగా ఉండేది వేయించాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మీలో ఎవరైనా లైనింగ్ మార్పించి ఏడాదికి పైగా వాడి ఉంటే, ఏ బట్ట వేయించారో, చంక దగ్గర ఎలా నిలిచిందో రాయండి. ఫోటో ఉంటే ఇంకా మంచిది.